లైనక్స్ కెర్నల్ మెంటార్‌షిప్‌కి తయారవుదాం – పాఠం 4: మొదటి ప్యాచ్

పోయిన పాఠంలో కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) మన మెషీన్ మీదే కంపైల్ చేసి బూట్ చేశాం. ఎవరికైనా అది ఇంకా అవ్వకపోతే ఇక్కడే ఆగి ముందు ఆ పని చూసుకుని రండి, ఎందుకంటే ఈరోజు చేసేదంతా ఆ సోర్స్ ట్రీ మీదే.

ఈసారి పని ఒక చిన్న ప్యాచ్, అంటే కోడ్‌లో చేసిన మార్పు, తయారుచేసి మెయిల్‌లో పంపడం. ఎంత చిన్నదైనా సరే. లైనక్స్ ఫౌండేషన్ నడిపే కెర్నల్ మెంటార్‌షిప్ ఫుల్‌టైమ్ అయితే 12 వారాలు, పార్ట్‌టైమ్ అయితే 24. వినడానికి బోలెడు టైమ్ ఉన్నట్టే ఉంటుంది, కానీ ఒక ప్యాచ్‌కి జవాబు రావడానికే రెండు మూడు వారాలు పట్టే చోట మొదటి పది రోజులూ మెయిల్ సెట్టింగులతో కుస్తీ పడుతూ కూర్చుంటే ఇక మిగిలేదేముంది? కెర్నల్ పనికి కొత్తవాళ్ళ కోసం పెట్టిన ఎల్ఎఫ్‌డి 103 అనే ఉచిత కోర్సు ఎలాగూ చేయాల్సిందే, చేసేయండి. కాకపోతే అప్లై చేసేలోపు ఒక్క ప్యాచ్ అయినా మొదటి నుంచి చివరిదాకా ఈ దారి మొత్తం నడిచి ఉండాలని నేను పట్టుబడతాను.

ముందు, ఏం సరిచేయాలి? చాలామంది ఏదో ఒక డ్రైవర్ ఫైల్ తెరిచి, దాని మీద చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడిపి, వచ్చిన వార్నింగులన్నీ సరిచేసి పంపేస్తారు. వద్దు. ఆ స్క్రిప్టు ఉన్నది మనం కొత్తగా రాసిన ప్యాచ్‌ని పరీక్షించుకోడానికి. ఎప్పుడో రాసిన, బాగానే పనిచేస్తున్న కోడ్‌లో ట్యాబులూ స్పేసులూ సర్దుతూ పోతే మెయింటెయినర్లకు (కెర్నల్‌లో ఒక్కో భాగాన్ని చూసుకుంటూ ప్యాచులు తీసుకునేవాళ్ళు) ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే రేపు ఎవరైనా గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు మార్చారో చూపే కమాండ్) చూస్తే ఆ లైను అసలు ఎవరు ఎందుకు రాశారో కనబడకుండా మీ సర్దుబాటు అడ్డొస్తుంది. ఒక్క మినహాయింపు డ్రైవర్స్ కింద ఉండే స్టేజింగ్ ఫోల్డర్. ఇంకా నాణ్యత కుదరని డ్రైవర్లు అక్కడ ఉంటాయి, గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ చూసుకుంటారు, కొత్తవాళ్ళు అలాంటి శుభ్రం చేసే పనులతో మొదలుపెట్టడం అక్కడ మామూలే.

నన్నడిగితే మాత్రం సెల్ఫ్‌టెస్ట్స్‌కి, అంటే కెర్నల్‌తో పాటే వచ్చే టెస్టులకి వెళ్ళండి. టూల్స్ ఫోల్డర్‌లో టెస్టింగ్, దాని లోపల సెల్ఫ్‌టెస్ట్స్. ఈ మెంటార్‌షిప్‌ని నడిపిస్తూ వచ్చిన షువా ఖాన్ గారే దానికి మెయింటెయినర్ కూడా. అక్కడ కంపైల్ చేస్తుంటే ఏదో వార్నింగ్ వస్తుంది, బిల్డ్ అయ్యాక పుట్టిన ఒక ఫైల్ పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోనక్కర్లేని ఫైళ్ళ జాబితా) చేర్చడం ఎవరో మర్చిపోయి ఉంటారు, లేదా టెస్టు ఫెయిలైనా ఎందుకు ఫెయిలైందో చెప్పదు. ఇవన్నీ చిన్నవే, కానీ నిజమైన లోపాలు, పైగా ప్రత్యేకమైన హార్డ్‌వేర్ ఏదీ లేకుండా మీ ల్యాప్‌టాప్‌లోనే నడిపి చూసుకోవచ్చు. ఏదైనా దొరికాక వెంటనే మొదలుపెట్టేయకండి. తర్వాతి వెర్షన్‌లోకి వెళ్ళబోయే మార్పులు ఉండే లైనక్స్-నెక్స్ట్ ట్రీ తెచ్చుకుని అక్కడ ఇప్పటికే సరిచేశారేమో చూడండి, మెయిలింగ్ లిస్టుల పాత మెయిళ్ళన్నీ ఉండే లోర్ ఆర్కైవ్‌లో ఆ ఫైల్ పేరుతో వెతికి ఎవరైనా ఇదే ప్యాచ్ పంపారేమో కూడా చూడండి.

కోడ్ మార్చడం పది నిమిషాల్లో అయిపోతుంది. కష్టమంతా కమిట్ మెసేజ్‌లోనే, అంటే మార్పుతో పాటు రాసే వివరణలోనే. ఒక్క లైను మార్పుకి ఆరు లైన్ల మెసేజ్ రాయమంటే అతిగా అనిపించొచ్చు గానీ, చదివే మెయింటెయినర్‌కి మీరెవరో తెలియదు, మీరు టెస్ట్ చేశారో లేదో తెలియదు, ఆయనకు కనిపించేది ఆ ఆరు లైన్లే.

సబ్జెక్ట్ లైనుతో మొదలుపెడదాం. ముందు సబ్‌సిస్టమ్ (కెర్నల్‌లో మీరు మార్చిన భాగం) పేరు, కోలన్, ఆ తర్వాత చేసిన పని. ఆ పేరు ఎలా రాయాలో ఊహించనక్కర్లేదు, మీరు మార్చిన ఫైల్ మీద గిట్ లాగ్‌ని వన్‌లైన్ ఆప్షన్‌తో నడిపితే పాతవాళ్ళు ఎలా రాశారో వరసగా కనబడుతుంది, అలాగే రాయండి. క్రియ ఆజ్ఞలా ఉండాలి: యాడ్, ఫిక్స్, రిమూవ్. యాడెడ్, ఫిక్సింగ్ లాంటివి వద్దు. ఉత్త ‘ఫిక్స్ వార్నింగ్’ అని రాస్తే ఏ వార్నింగో ఎవరికి తెలుస్తుంది? కింద మెసేజ్‌లో ముందు సమస్య చెప్పండి: ఏం నడిపితే ఏం వచ్చింది, కంపైలర్ ఇచ్చిన వార్నింగ్ ఉన్నదున్నట్టు. తర్వాత అది ఎందుకు వస్తోంది, మీరు చేసిన మార్పుతో ఎందుకు పోతుంది. ఆ మార్పే ఎందుకు అన్నది కోడ్‌లో కనబడకపోతే అది కూడా. లైను 75 అక్షరాలు దాటకూడదు. ఈ లోపం ఫలానా పాత కమిట్‌తో వచ్చిందని గిట్ బ్లేమ్‌లో తేలితే ఫిక్సెస్ అనే ట్యాగ్‌తో ఆ కమిట్ నంబరు మొదటి 12 అక్షరాలు, దాని సబ్జెక్ట్ లైను జోడించండి.

ఇంగ్లిష్ రాదని టెన్షన్ పడేవాళ్ళకు ఒక మాట. కెర్నల్‌లో పనిచేసేవాళ్ళలో ఎంతోమందికి ఇంగ్లిష్ సొంత భాష కాదు. చిన్న చిన్న వాక్యాలు చాలు, తెలుగు మీడియంలో చదివినవాళ్ళూ హాయిగా రాసేయొచ్చు.

చివర్లో సైన్డ్-ఆఫ్-బై లైను. గిట్ కమిట్‌కి ఎస్ ఆప్షన్ ఇస్తే అదే వస్తుంది. ఈ కోడ్ పంపే హక్కు నాకుంది అని మీరిచ్చే హామీ అది, కాబట్టి ఎవరో తెలియకుండా అనామకంగా పంపడం కుదరదు. మన దగ్గర పేరుతో ఒక చిక్కుంది: ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, టెన్త్ సర్టిఫికెట్‌లో ఉత్త పొడి అక్షరం. ఏదో ఒక రూపం ఎంచుకుని గిట్ కాన్ఫిగ్‌లో పెట్టేసి, ఇక మార్చకండి. మెయిల్ పంపిన అడ్రస్, సైన్డ్-ఆఫ్‌లో ఉన్న అడ్రస్ వేరైతే చెక్‌ప్యాచే పట్టుకుంటుంది.

ఇప్పుడు పంపడం. జీమెయిల్ బ్రౌజర్‌లో ప్యాచ్‌ని పేస్ట్ చేసి పంపితే ట్యాబులన్నీ స్పేసులైపోతాయి, అటువైపు ప్యాచ్ అతకదు. గిట్ సెండ్-ఈమెయిల్ వాడాలి. జీమెయిల్ అకౌంటే అయితే టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని యాప్ పాస్‌వర్డ్ ఒకటి తీసుకోండి, పోర్ట్ 587. మొదట మీకు మీరే పంపుకోండి. వచ్చిన మెయిల్‌ని సేవ్ చేసి, కొత్త బ్రాంచి మీద గిట్ ఏఎమ్‌తో ఎక్కించి, బిల్డ్ చేసి చూడండి, అది అయ్యాకే బయటికి పంపాలి. ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ స్క్రిప్టు చెబుతుంది, అది ఇచ్చిన మెయిలింగ్ లిస్టులు కూడా సీసీలో ఉండాలి.

తర్వాత నిరీక్షణ. వారం రోజులు గడవకుండా ‘ఏమైంది’ అని అడగొద్దు. కెర్నల్ ఒక వెర్షన్ రావడానికి 9, 10 వారాలు పడుతుంది, అందులో మొదటి రెండు వారాలు మెర్జ్ విండో (ముందే సిద్ధమైన మార్పుల్ని ప్రధాన కెర్నల్‌లో కలుపుకునే సమయం), ఆ రోజుల్లో మీ ప్యాచ్‌ని ఎవరూ పట్టించుకోకపోయినా కంగారు పడకండి. రివ్యూ వస్తే వాళ్ళు రాసిన ప్రతి ప్రశ్న కిందే మీ జవాబు రాయాలి, అంతా కింద వదిలేసి పైన ఒక పేరా రాయడం అక్కడ నచ్చదు. ‘రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ’ అక్కర్లేదు, మొదటి పేరు పెట్టి హాయ్ అంటే చాలు, మనకు నోరు రాకపోయినా అక్కడది అమర్యాద కాదు. మార్పులు చేశాక రెండో వెర్షన్‌ని వీ2 అని కొత్త మెయిల్‌గా పంపండి, అదీ వెంటనే కాకుండా కనీసం ఒకరోజు ఆగి. ఏం మారిందో సైన్డ్-ఆఫ్ కింద వచ్చే మూడు గీతల తర్వాత రాస్తే అది చదివేవాళ్ళకు కనబడుతుంది, గిట్ చరిత్రలోకి మాత్రం ఎక్కదు.

టెస్ట్ చేయనిది చేశామని రాయొద్దు. 2021లో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు కావాలని తప్పులున్న ప్యాచులు పంపారని బయటపడ్డాక, అక్కడి నుంచి వచ్చిన పాత ప్యాచులన్నీ వెనక్కి తిరిగి పరిశీలించాల్సి వచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ళ ప్యాచ్‌కి ఎదురు ప్రశ్నలు ఎక్కువ ఎందుకొస్తాయో దీంతో కొంత అర్థమవుతుంది.

వచ్చే పాఠానికి హోమ్‌వర్క్: ప్యాచ్ ఒకటి మీకు మీరు పంపుకుని, అతికించి చూసి, అప్పుడు లిస్టుకి పంపండి. జవాబు కోసం ఎదురుచూసే ఈ గ్యాప్‌లో మనం కెర్నల్‌లో బగ్గుల్ని తనంతట తానే వెతికే సిజ్‌బాట్ డ్యాష్‌బోర్డ్ తెరిచి, రీప్రొడ్యూసర్ (ఆ బగ్‌ని మళ్ళీ రప్పించే ప్రోగ్రామ్) ఉన్న బగ్ ఒకటి పట్టుకుని, పాఠం 3లో బిల్డ్ చేసిన కెర్నల్‌ని వర్చువల్ మెషీన్‌లో క్రాష్ చేద్దాం.