మోల్ లెక్కల్లో సార్థక అంకెలు: మధ్యలో కత్తిరించకండి

కిందటి వారం భీమవరం దగ్గర ఒక జూనియర్ కళాశాలలో, ప్రయోగ పరీక్షలకు ముందు, పిల్లల చేత గుల్ల సున్నం లెక్క చేయించాను. 2.50 గ్రాముల కాల్షియం కార్బొనేట్ పూర్తిగా కాలితే ఎంత కాల్షియం ఆక్సైడ్ మిగులుతుందన్నది ప్రశ్న. రావలసింది 1.40 గ్రాములు, చాలా కాగితాల్లో 1.12 కనిపించింది. సమీకరణమూ మోలార్ ద్రవ్యరాశులూ (ఒక్కో మోల్ బరువు గ్రాముల్లో; మోల్ అంటే పదార్థ పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) సరిగ్గానే ఉన్నా జవాబు ఐదో వంతు తగ్గిపోయింది. రొయ్యల చెరువు గట్ల మీద సున్నం బస్తాలు చూస్తూ పెరిగిన పిల్లల చేతిలోనే ఇలా జరగడం నన్ను మరింత కలవరపెట్టింది.

తప్పు ఒకే చోట జరిగింది. 2.50ను కాల్షియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి 100.09తో భాగిస్తే 0.024978 మోల్‌లు వస్తాయి; అన్నే మోల్‌ల కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది. రూపాయల లెక్కలో పైసల దగ్గర ఆగే అలవాటు కొద్దీ దాన్ని 0.02గా కత్తిరించి, ఆ 0.02నే కాల్షియం ఆక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 56.08తో గుణించారు. దశాంశ స్థానాలు వేరు, సార్థక అంకెలు (కొలత నిజంగా చెప్పే అంకెలు) వేరు. 2కు ముందున్న సున్నాలు స్థానాన్ని చూపేవే గనుక 0.02లో సార్థక అంకె ఒక్కటే; మూడంకెల వరకు శ్రద్ధగా తూచిన తూకం అక్కడే వృథా అయింది, ఆపైన ఎంత జాగ్రత్తగా గుణించినా అది తిరిగి రాదు. అందువల్ల విలువను కాలిక్యులేటర్‌లోనే ఉంచి ముందుకు సాగండి. కాగితం మీద రాయక తప్పకపోతే, జవాబుకు కావలసిన వాటికన్నా రెండంకెలు ఎక్కువ ఉంచుకోండి. సవరించడం చివరి జవాబుకు ఒక్కసారే.

గుణకార భాగహారాల్లో అతి తక్కువ సార్థక అంకెలున్న కొలతను బట్టి, కూడికలు తీసివేతల్లో అతి తక్కువ దశాంశ స్థానాలున్న కొలతను బట్టి జవాబు ఉండాలి. తీసివేత దగ్గర మరీ జాగ్రత్త అవసరం. పదార్థంతో కలిపి 25.38 గ్రాములు తూగిన మూస (పదార్థాన్ని కాల్చే చిన్న పాత్ర) ఖాళీగా 24.96 తూగితే, దక్కేది 0.42, అంటే రెండంకెలే. అందుకే నమూనాను ఎక్కువగా తీసుకోండి.

సమీకరణంలోని గుణకాలు కొలిచినవి కావు. అక్కడ 2 ఉందని జవాబును ఒక్క అంకెకు దించవద్దు. బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి వదిలే గీతల గొట్టం) రీడింగ్ 18.40ని 18.4 అని రాయవద్దు. మూడంకెల వరకు కొలిచిన 250 మిల్లీలీటర్లను 2.50 × 10² అని రాయండి. అవగాడ్రో సంఖ్యను (ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య) 6.022 × 10²³గా తీసుకోండి. కాలిక్యులేటర్ చూపిన పదంకెలూ జవాబులోకి దించవద్దు. మధ్యలో కత్తిరించవద్దు. చివర 1.4007 వస్తే 1.40 అని రాయండి, ఆ సున్నాను వదలవద్దు. మధ్యలో మాత్రం కత్తిరించవద్దు. మీ రికార్డు పుస్తకంలో మోల్‌ల దగ్గర 0.02 వంటి విలువ కనిపిస్తే, ఆ లెక్కను ఈ రోజే మొదటి నుంచి మళ్లీ చేయండి.