ఎంథాల్పీ లెక్క పుస్తకంలోని జవాబుతో కలవడం లేదా? ముందు నీటిని చూడండి

సమస్య: రసాయన చర్యలో వెలువడే లేదా గ్రహించే వేడిని (ఎంథాల్పీ మార్పును) లెక్కిస్తున్నారు. సమీకరణం తుల్యం చేశారు, విలువలు జాగ్రత్తగా ఎక్కించారు, అయినా జవాబు కలవడం లేదు. వెంటనే లెక్కంతా మొదటి నుంచి చేయకండి. తేడా ఎలా ఉందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది.

అంకె సరిపోయి గుర్తు తారుమారైతే తీసివేత తిరగబడింది. సంశ్లేషణోష్ణాలతో (మూలకాల నుంచి ఒక మోలు పదార్థం ఏర్పడేటప్పటి ఎంథాల్పీ మార్పులతో) చేస్తే క్రియాజన్యాల మొత్తం నుంచి క్రియాజనకాల మొత్తం తీసివేయాలి. బంధశక్తులతో (పరమాణువుల మధ్య బంధాలు తెంచడానికి కావలసిన శక్తులతో) చేస్తే తెగిన బంధాల మొత్తం ముందు, ఏర్పడినవి తర్వాత. వెయ్యి రెట్ల తేడా ఉంటే జౌళ్లు, కిలోజౌళ్లు కలిసిపోయాయి. సగమో రెట్టింపో వస్తే సమీకరణంలోని గుణకాలు చూసుకోండి.

ఇవేవీ కాకపోతే నీటి పక్కనున్న చిన్న బ్రాకెట్ చదవండి: (ద్ర), అంటే ద్రవం, ఉందా; (వా), అంటే వాయువు, ఉందా? దాదాపు అందరూ దాటేసేది ఇక్కడే. నేనూ దాటేశాను. మీథేన్ దహనాన్ని బంధశక్తులతో కట్టాను: తెంచడానికి 2648, ఏర్పడేటప్పుడు విడుదలయ్యేది 3450, జవాబు −802 కిలోజౌళ్లు. పుస్తకంలో −890. బంధశక్తులు సగటు విలువలే కదా, ఆ మాత్రం తేడా ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను. ఆ సర్దుబాటు వల్ల అదే తప్పు ఎన్నో లెక్కల్లో చేస్తూ పోయాను.

బంధశక్తులు వాయుస్థితికి చెందిన విలువలు. వాటితో వచ్చిన జవాబులో నీరు ఆవిరిగానే ఉంటుంది. పుస్తకంలోని దహనోష్ణం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవ నీటికి ఇచ్చినది. ద్రవ నీటి సంశ్లేషణోష్ణం మోలుకు −285.8 కిలోజౌళ్లు, ఆవిరిది −241.8, తేడా 44. మీథేన్ నుంచి రెండు మోళ్ల నీరు వస్తుంది కాబట్టి 88. నాకు తగ్గింది సరిగ్గా అంతే.

పరిష్కారం: మీ జవాబుకూ పుస్తకం జవాబుకూ ఉన్న తేడాను 44తో భాగించండి. నీటి మోళ్ల సంఖ్య వస్తే దొంగ దొరికినట్టే. ద్రవ నీరు కావాలంటే మోలుకు −44 కలపండి. సంశ్లేషణోష్ణాల పట్టికలో ద్రవ నీరు, ఆవిరి వరుసలు పక్కపక్కనే ఉంటాయి, వేలు పెట్టి చదవండి. ఇథనాల్ లాంటి ద్రవ ఇంధనాన్ని బంధశక్తులతో కట్టేటప్పుడు దాని బాష్పీభవనోష్ణాన్నీ (ఆవిరి కావడానికి పట్టే వేడినీ) లెక్కలోకి తీసుకోవాలి.

కార్బన్‌ను గ్రాఫైట్‌కు బదులు వజ్రంగా తీసుకుంటే మోలుకు 1.9 కిలోజౌళ్లు మాత్రమే మారుతుంది. ఉష్ణోగ్రత సవరణ సంగతి, ప్రశ్నలో వేరే ఉష్ణోగ్రత ఇస్తేనే చూడండి.