సంఘ కానుకల లెక్క: పెద్దలు, కోశాధికారులు పాటించవలసిన పద్ధతి

యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పోగైన చందాను పౌలు ఒంటరిగా తీసుకొని వెళ్లదలచలేదు. ఆ పనికి సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు చేసుకొని, ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలన్నదే తమ ఉద్దేశమని 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో రాశాడు. అపొస్తలుడే సాక్షిని కోరుకొన్నప్పుడు, లెక్క అడిగినవారిని చూసి మనం నొచ్చుకోవడం తగదు.

ఆరాధన ముగియగానే, మందిరంలోనే, ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు కానుకలు లెక్కించాలి. యూదా రాజు యోవాషు కాలంలో, దేవాలయంలో మూతకు బెజ్జం చేసి పెట్టిన కానుకల పెట్టెలోని సొమ్మును కూడా రాజు లేఖికుడు, ప్రధానయాజకుడు కలిసే లెక్కపెట్టారు. ఏ నోట్లు ఎన్ని, చిల్లర ఎంత అన్నది పేజీ సంఖ్యలున్న పుస్తకంలో పెన్నుతో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. అంకె తప్పితే కొట్టివేసి పక్కన సరిచేయాలి గాని పేజీ చింపకూడదు. సోమవారం ఆ మొత్తమంతా బ్యాంకులో జమచేయాలి. ఖర్చులు ముందే తీసుకొని మిగిలినది జమచేసే అలవాటు చాలా చోట్ల ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే హానికరమైనది ఇదే, ఎందుకంటే అప్పుడు ఎంత వచ్చిందో చూపడానికి ఏ ఆధారమూ మిగలదు.

మందిర నిర్మాణానికి ఇచ్చినది కరెంటు బిల్లుకు వాడి తర్వాత సర్దుదామనుకోవడం ఇచ్చినవారి మాటను మీరడమే. ఇళ్ల నుంచి కానుకగా తెచ్చే గుప్పెడు బియ్యాన్ని కూడా కొలిచి రాయాలి. కోత పండుగ వేలంలో పాడినవారి పేరు, వస్తువు, మొత్తం, చెల్లించినది, బాకీ అదే రోజు నమోదు కావాలి. క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే అయి ఉండాలి, పాస్టరుగారి సొంత నంబరుది కాకూడదు.

విదేశాల నుంచి వచ్చే సొమ్ము విషయంలో మరింత జాగ్రత్త అవసరం. భారత పౌరులుగానే ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు; అక్కడి పౌరసత్వం తీసుకొన్న తెలుగువారు పంపినది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం దానిని స్వీకరించకూడదు.

నెలకోసారి జమాఖర్చులను సంఘం ముందు చదవాలి, అయితే ఎవరెంత ఇచ్చారో ప్రకటించనక్కరలేదు. కోశాధికారి మారినప్పుడు, బబులోను నుంచి వచ్చేటప్పుడు యాజకుడైన ఎజ్రా పన్నెండుమంది యాజకులకు తూచి అప్పగించిన వెండి బంగారాలను యెరూషలేములో మళ్లీ తూచి బరువు రాసినట్లే, పాత, కొత్త కోశాధికారులిద్దరూ కూర్చొని నగదు, పాస్‌బుక్, వాడని రసీదు పుస్తకాలు సరిచూసుకొని, పెద్దల ఎదుట సంతకాలు చేయాలి.