పెయింటింగ్ నైఫ్‌తో దళసరి రంగుల బొమ్మ ఇంట్లో వేయడం ఎలా?

సామాను సంగతి తొందరగా తేల్చేద్దాం. 12×16 అంగుళాల కాన్వాస్ బోర్డు, ట్యూబుల్లో దొరికే చిక్కటి అక్రిలిక్ రంగులు, టెక్స్చర్ పేస్ట్ (రంగును దళసరి చేసే ముద్ద), బ్రష్షు బదులు రంగు పూసే మెడ వంగిన పెయింటింగ్ నైఫ్, పాత నూలు గుడ్డ. మెడ తిన్నగా ఉన్న నైఫ్‌తో వేళ్లు తడి రంగుకు తగులుతాయి. నల్లరంగు ట్యూబు మాత్రం కొననే కొనొద్దు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు కలపండి, ప్రాణమున్న నలుపు వస్తుంది.

మొదటి బొమ్మకు మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని మించింది లేదు. 2018లో చెదలు పట్టి, సెలైన్ సీసాలతో మందు ఎక్కించుకుని నిలబడిన చెట్టు అది. ఆ బెరడు పలుచని రంగుకు లొంగదు. చెట్టంతా బోర్డులో ఇరికించకండి. రెండు ఊడలు, వెనక వెలుతురు, కింద ఎర్రమన్ను చాలు. పెన్సిల్‌తో గీసి, బోర్డంతా పలుచగా గోధుమరంగు పూసి ఆరనివ్వండి.

పేస్టు ఖర్చెందుకని గోడల పుట్టీలో జిగురు కలిపి పూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. బోర్డు కాస్త వంగితే చాలు, పగుళ్లిచ్చి పెచ్చులు లేస్తుంది. దళసరి రంగుల చిత్రకారుడు వాన్ గో నూనె రంగులతోనే వేశాడు కదా అంటారు. నిజమే, కానీ అంత దళసరి నూనె రంగు లోపలిదాకా ఆరాలంటే నెలలు పడుతుంది. ఇంట్లో పిల్లలుంటే అక్రిలిక్కే వాడాలి.

అందరూ పాడుచేసేది ఇక్కడే. రంగు, పేస్టు సమంగా తీసుకుని, పూర్తిగా కలిసిపోకుండా అరకొరగానే కలపండి, చారలు కనబడాలి. నైఫ్ అడుగున, ఒక అంచుకే రంగు ఎత్తండి. బోర్డుకు దాదాపు ఆనించి, ఊడ దిగే దిక్కుగా పైనుంచి కిందికి ఒక్కసారి లాగి చెయ్యి ఎత్తేయండి. మళ్లీ దానిమీదికి పోవద్దు!

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మన నల్గొండ ఎండల్లో అక్రిలిక్ మీద నిమిషాల్లో పొర కడుతుంది. సరిచేద్దామని మళ్లీ నైఫ్ పెట్టారా, ఆ పొర చిరిగి రబ్బరు ముక్కల్లా ఉండలు లేస్తాయి, అడుగు రంగు కలిసి అంతా బురదవుతుంది. గీత నచ్చకపోతే వెంటనే మొత్తం గీకేసి కొత్తగా వేయండి. దిద్దుబాటు పనికిరాదు. ప్రతి గీతకూ నైఫ్ తుడవాలి, ఒక్కటి కూడా వదలకుండా.

ఒక పొర మూడు మిల్లీమీటర్లు దాటనివ్వద్దు. తొందరపడి ఫ్యాన్ కిందో ఎండలోనో పెడితే పైన ఆరి, లోపల తడి ఉండిపోయి చీలుతుంది. నీడలో పడుకోబెట్టి, రెండో పొర మర్నాడే వేయండి.

ఆఖరున వెలుతురు పడే రెండు మూడు చోట్ల తెలుపు కలిపిన ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) అద్దండి. ఫ్రేముకు అద్దం వేయించొద్దు, తగిలితే రంగు దానికి అంటుకుంటుంది. దుమ్ము పడితే మెత్తటి పొడి బ్రష్షుతో దులిపితే సరి.