పచ్చి ఆయిస్టర్లు తినే ముందు

లివర్ జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు, ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు పచ్చి ఆయిస్టర్లు (గట్టి చిప్పల్లో ఉండే సముద్రపు జీవులు) ముట్టొద్దు. వెచ్చని సముద్రపు నీళ్లలో పెరిగే విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా రక్తంలో చేరితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. నిమ్మరసం, కారం సాస్, పక్కనున్న బీరు, ఏవీ దాన్ని చంపవు. వాసన బాగుందని నమ్మడానికీ లేదు.

విప్పకముందు చూడండి. నోరు తెరిచిన చిప్పను తట్టినా మూసుకోకపోతే అది చచ్చినదే.

విప్పాక మాంసం నిండుగా, నీరు తేటగా ఉండాలి. అంచులు ఎండితే ఎప్పుడో విప్పి పెట్టినట్టు.

ఐస్ మీద ఉండాలి, కరిగిన నీళ్లలో తేలుతూ కాదు.

ఉడికించినవైతే, చిప్పలు తెరుచుకున్నాక మరో 3-5 నిమిషాలు మరగాలి. తెరుచుకోనివి తినొద్దు.

చేతికి గాయముంటే మీరు విప్పకండి. క్రిమి అటునుంచీ ఎక్కుతుంది.