అండమాన్ తిండిలో మీథేన్ ఎంత? కాగితం, పెన్నుతో లెక్క కట్టడం ఎలా?

ఆవు నెమరేసినా, వరి మడిలో నీళ్లు నిలిచినా, చెత్త కుప్ప అడుగున కూరగాయల తొక్కలు కుళ్లినా భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. మూడు చోట్లా పని చేసేవి గాలి ఆడని చోట బతికే సూక్ష్మజీవులే. దేశం మొత్తానికి ఈ లెక్క కట్టడం పెద్ద యంత్రాంగం పని. చిన్న దీవికైతే డిగ్రీ విద్యార్థి కూడా కట్టేయొచ్చు, ఎందుకంటే అక్కడికి ఏ సరుకు ఎటు నుంచి వస్తుందో కిరాణా కొట్టు ఆయన కూడా చెప్పగలడు. అండమాన్ నికోబార్ అలాంటి చోటు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 3.8 లక్షల మంది. అందులో తెలుగువాళ్లు కూడా బాగానే ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌కు (2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం) వెళ్తే జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది.

ముందు రెండు పద్దులు రాయండి

ఒక పేజీ దీవి మీద పుట్టే మీథేన్‌కి. రెండో పేజీ, విశాఖ, చెన్నై, కోల్‌కతా నుంచి ఓడల్లో వచ్చే తిండి కోసం మెయిన్‌లాండ్‌లో పుట్టినదానికి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. రెండూ కలిపేస్తే అంకె పెద్దదవుతుంది గానీ ఎవరు ఏం చేయాలో తేలదు. రెండో పేజీ రాయడమే మానేస్తే దీవి చాలా బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది, తినే బియ్యంలో ఎక్కువ భాగం బయటి నుంచే వస్తున్నా సరే.

పశువులు: తలకి ఇంత

2019లో జరిగిన 20వ పశుగణనలో జిల్లాల వారీగా ఆవులు, గేదెలు, మేకలు, పందుల సంఖ్య దొరుకుతుంది. దాన్ని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2006 మార్గదర్శకాల్లో భారత ఉపఖండానికి, వర్ధమాన దేశాలకు ఇచ్చిన అంకెలతో గుణించండి. ఏడాదికి తలకి పాడి ఆవు 58 కిలోలు, మిగతా ఆవులు, ఎద్దులు 27, గేదె 55, మేక 5, పంది 1. ఇది కడుపులోంచి వచ్చేది మాత్రమే. పేడ లెక్క వేరే.

పంది దగ్గర తొందరపడొద్దు. దాని కడుపులోంచి వచ్చేది తక్కువే, కానీ కొట్టం కడిగిన నీళ్లు, పేడ కలిపి గుంటలో నిలవ ఉంచితే అక్కడ మీథేన్ బాగా పుడుతుంది. నికోబారీ ఊళ్లలో పందులు కొబ్బరి తింటూ బయటే తిరుగుతాయి, పేడ పడినచోటే ఎండిపోతుంది. అందుకే కొట్టం పందులకీ, తిరిగే పందులకీ ఒకే అంకె వేయకండి. కోళ్ల కడుపు లెక్క వదిలేయొచ్చు. బ్యారన్ ఐలాండ్ అగ్నిపర్వతం మీద అడవి మేకలున్నాయి. అవి ఎవరి కంచంలోకీ రావు కాబట్టి తిండి లెక్కలోకీ రావు.

వరి: రోజులు లెక్కపెట్టండి

ఎప్పుడూ నీళ్లు నిలిచే మడి హెక్టారుకి రోజుకి 1.30 కిలోల మీథేన్ వదులుతుందని ఐపీసీసీ అంచనా. దిగ్లీపూర్, మాయాబందర్ వైపు వరి ఎక్కువగా వానాధారం. అలాంటి పొలానికి దీన్ని 0.28తో గుణించాలి. అక్కడ పాతకాలం నుంచి వేసే సి-14-8 రకం పొలంలో దాదాపు 180 రోజులు ఉంటుంది. లెక్క ఇలా సాగుతుంది: 1.30 × 0.28 × 180 అంటే 65.5 కిలోలు. పంటకు ముందు పొలం ఆరు నెలలకు మించి ఎండి ఉంటే మళ్లీ 0.68తో గుణించాలి. చివరికి హెక్టారుకి 45 కిలోలు తేలుతుంది. పశువుల ఎరువు, గడ్డి దున్నితే ఇంకా పెరుగుతుంది.

2004 సునామీ తర్వాత సిప్పీఘాట్ లాంటి చోట్ల ఉప్పునీళ్లు చేరిన పొలాల్ని ఈ సూత్రంలో పెట్టకండి. సముద్రపు నీళ్లలోని సల్ఫేట్ ఉన్నచోట వేరే సూక్ష్మజీవులు పోటీకొచ్చి మీథేన్‌ని తగ్గిస్తాయి.

ఓడలో వచ్చిన బియ్యం

ఇప్పుడు రెండో పేజీ. 120 రోజులు నీళ్లు నిలిపి పండించిన వరి అనుకుందాం. హెక్టారుకి 156 కిలోల మీథేన్. దిగుబడి 5 టన్నుల ధాన్యం, మర పట్టాక 67 శాతం బియ్యం అనుకుంటే కిలో బియ్యానికి సుమారు 47 గ్రాములు. జంగ్లీఘాట్‌లో నెలకి 30 కిలోల బియ్యం వండుకునే నలుగురి ఇంటికి ఏడాదికి దాదాపు 17 కిలోలు పడుతుంది. రైతు మధ్యలో ఒక్కసారి మడి ఆరబెట్టినా 0.60తో గుణిస్తాం, అప్పుడు 10 కిలోలకు దిగుతుంది. అంటే దీవి తినే బియ్యం తాలూకు మీథేన్‌ని తగ్గించే తాళం చెవి చాలావరకు మెయిన్‌లాండ్ కాలువల దగ్గరుంది.

చేపలతో మీకు టెన్షన్ లేదు, సముద్రంలో పట్టిన చేపకి మీథేన్ దాదాపు ఉండదు. పడవ డీజిల్, ఐసు కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి వస్తాయి, అది వేరే కథ.

చెత్త: కుప్ప ఎత్తు చూడండి

వారం రోజులు ఇంటి వంటగది చెత్త బకెట్‌ని త్రాసులో తూచండి. కొబ్బరి పీచు, డొక్కలు విడిగా పెట్టండి, అవి చాలా నెమ్మదిగా కుళ్లుతాయి. ఒక టన్ను తిండి చెత్త, 5 మీటర్లకు మించి పోగేసిన కుప్పలో మొత్తం మీద 40 కిలోల మీథేన్ ఇస్తుంది. అంతకన్నా పల్చటి కుప్పలో 20. పద్ధతిగా చేసిన కంపోస్టులో 4. రోజుకి అర కిలో చెత్త వచ్చే ఇంటికి లెక్కేస్తే లోతు కుప్పకి ఏడాదికి 7.3 కిలోలు, కంపోస్టుకి 0.7. బ్రూక్షాబాద్ డంపింగ్ యార్డ్ కోసం లెక్క కడితే కుప్ప ఎత్తుని దూరం నుంచి ఊహించకుండా కొలవండి, అంకె సగానికి సగం మారిపోతుంది.

సెప్టిక్ ట్యాంక్ కూడా ఉంది. మనిషికి ఏడాదికి సుమారు 3.7 కిలోలు, నలుగురికి 15. ఇది చెత్త కన్నా ఎక్కువ. తిండి లెక్కలో వేయాలా వద్దా అని వాదనలుంటాయి. నేనైతే మూడో పేజీలో విడిగా రాస్తాను. సెప్టిక్ ట్యాంక్ విషయం వంటగదిలో తేలదు, మునిసిపాలిటీ దగ్గర తేలాలి.

కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చడం

భూమిని వేడెక్కించడంలో, జీవుల నుంచి పుట్టిన మీథేన్ కిలో, 100 ఏళ్ల లెక్కన 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం, 20 ఏళ్ల లెక్కన దాదాపు 80. ఏది వాడారో పైన రాయండి. ఒక పేజీలో 27, ఇంకో పేజీలో 80 వాడితే లెక్క మొత్తం పాడవుతుంది.

చెత్త విషయంలో ఒక ఆలస్యం ఉంటుంది. తడి, వేడి ఎక్కువున్న ప్రాంతాల్లో తిండి చెత్త కుళ్లడానికి సగటు వేగం ఏడాదికి 0.4గా తీసుకుంటారు, అంటే మిగిలినదాంట్లో ఏటా సుమారు మూడో వంతు కుళ్లుతుంది. ఈ రోజు నుంచి కొత్త చెత్త వేయడం పూర్తిగా మానేసినా ఏడాదిన్నర దాటాక గానీ పాత కుప్ప నుంచి వచ్చే మీథేన్ సగానికి తగ్గదు, ఐదేళ్లకి 13 శాతానికి వస్తుంది. కంపోస్టు మొదలుపెట్టిన ఏడాదే మార్పు చూపించమని ఎవరైనా అడిగితే ఈ అంకెలు ముందు పెట్టండి.