గ్రాఫిక్స్ కార్డుల పోలిక, 4వ పాఠం: రెండు కార్డులకీ ఒకే ఎఫ్‌పీఎస్ వస్తే

పోయిన పాఠంలో ఒకే గేమ్‌లో రెండు కార్డుల సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీదికొచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) కొలవమన్నాను. చాలామందికి రెండిటికీ ఇంచుమించు ఒకే అంకె వచ్చింది. కొందరికి 60, 60. కొందరికి 124, 126. "అయితే కొత్త కార్డు దండగేనా?" అని అడిగారు. కాదు. మీరు కొలిచింది అసలు కార్డునే కాదు. ఈ వారం చెప్పాల్సిన వీడియో మెమరీ సంగతి పక్కన పెట్టి, ముందు దీన్ని తేల్చేద్దాం.

సరిగ్గా 60 దగ్గర ఆగినవాళ్లది చిన్న విషయం. మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకి 60 బొమ్మలే చూపిస్తుంది. ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగం దాటనివ్వని వీ-సింక్ ఆన్‌లో ఉంది. గేమ్‌లోనూ డ్రైవర్ సెట్టింగుల్లోనూ ఆపేయండి.

124, 126 వచ్చినవాళ్లు జాగ్రత్తగా చదవండి. ప్రతి ఫ్రేమ్‌కీ ముందు ప్రాసెసర్ పని ఉంటుంది. ఏ పాత్ర ఎక్కడుంది, ఏది దేనికి తగిలింది, ఏమేం గీయాలి అన్నది అదే తేల్చి కార్డుకి పంపాలి. ఈ రెండిట్లో ఏది నెమ్మదైతే దాని వేగమే తెర మీద కనిపిస్తుంది. మీ ప్రాసెసర్‌కి ఫ్రేమ్‌కి 8 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. పాత కార్డు 7లో గీస్తుంది, కొత్తది 4లో. రెండిటికీ వచ్చేది 125 ఎఫ్‌పీఎస్సే. అదే గేమ్‌ని 4కే రెజల్యూషన్‌లో, అంటే చాలా ఎక్కువ పిక్సెల్స్‌తో, పెడితే పాతదానికి 20, కొత్తదానికి 12 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. ఇప్పుడు 50, 83. తేడా ముందునుంచీ ఉంది, ప్రాసెసర్ దాన్ని కనబడనివ్వలేదు.

ఇక్కడ చాలామంది చెప్పే మాట ఒకటుంది, అది వింటే నాకు నిజంగా చిరాకు: "టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 30 శాతమే ఉంది, కాబట్టి ప్రాసెసర్ అడ్డం కాదు." ఆ 30 అన్ని కోర్ల సగటు. గేమ్‌లో అసలు భారం తరచూ ఒకటి రెండు థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరసల) మీదే పడుతుంది. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం వాడకంలో అది దాదాపు 6 శాతమే. 8 థ్రెడ్లదైతే 12.5. మిగతావి ఖాళీగా ఉన్నా ఆ ఒక్క థ్రెడ్ పని ముగిసేదాకా కార్డు ఎదురుచూడాల్సిందే. కాబట్టి ప్రాసెసర్ శాతం చూడకండి, కార్డు శాతం చూడండి. కార్డు అంకెలు చూపించే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకాన్ని తెర మీద పెట్టుకోండి. 95 దాటి నిలకడగా ఉంటే మీరు కార్డుని కొలుస్తున్నట్టు. వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ ఏవీ లేకుండా కార్డు వాడకం 60, 70 శాతం దగ్గర ఊగుతుంటే చాలావరకు ప్రాసెసర్‌ని కొలుస్తున్నట్టే, ఆ అంకెని పోలికలో వాడొద్దు.

డీఎల్‌ఎస్ఎస్ (తక్కువ పిక్సెల్స్‌తో గీసి బొమ్మని పెద్దది చేసే అప్‌స్కేలింగ్ పద్ధతి) ఆన్‌లో పెట్టి "4కేలోనే చూశాను" అన్నవాళ్లకి: క్వాలిటీ మోడ్‌లో కార్డు లోపల గీసేది 2560×1440లో. అంటే భారం తగ్గి, మళ్లీ ప్రాసెసర్ అడ్డం రావచ్చు. పోలికలకి నేను అప్‌స్కేలింగ్, ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేములు చేర్చడం) రెండూ ఆపేస్తాను. ఫ్రేమ్ జనరేషన్ అంకెని పెంచుతుంది, మీ మౌస్‌కి గేమ్ స్పందించే వేగాన్ని పెంచదు. ఇంకో మాట, సగటుతో పాటు "1% low" (అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్) కూడా రాసుకోండి. రెండిట్లో ఒకటే చూడమంటే నేను "1% low"నే చూస్తాను, గేమ్ ఎంత తడబడుతోందో చెప్పేది అదే.

అభ్యాసం: గేమ్‌లో ఒకే చోట, ఒకే దారిలో 60 సెకన్లు నడవండి. 1080పీ, 1440పీ, 4కే మూడిట్లోనూ, ఒక్కోదాంట్లో నాలుగుసార్లు. కార్డు వేడెక్కకముందు క్లాక్ (కార్డు పనిచేసే వేగం) ఎక్కువగా ఉంటుంది కాబట్టి మొదటిసారి వచ్చినది కొట్టేయండి, మిగతా మూడిటి సగటు తీయండి. రెండు కార్డులకీ కలిపి 24 పరుగులు. 4కేలో పిక్సెల్స్ 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు. అంత భారం పెరిగినా ఎఫ్‌పీఎస్ కదలకపోతే ఆ గేమ్ ఈ పరీక్షకి పనికిరాదు, వేరేది పట్టుకోండి. ఒక్క కార్డే ఉన్నవాళ్లు 12 పరుగులు చేసి, ఏ రెజల్యూషన్ దగ్గర జీపీయూ వాడకం 95 దాటిందో రాసి పంపండి.